తోడు కూర్చునే చోటు

ఆ శనివారం పొద్దున స్వర్ణ చపాతీలు కాలుస్తుంటే, రాజేశ్వర్ కొలత టేపు పట్టుకొని వంటింట్లోకి వచ్చాడు. "జర ఆ స్టూల్ మీద కూసో" అన్నాడు.

షార్జాలో, రోలాలోని ఆ ఫ్లాట్‌లో మూడు గదులకు మూడు కుటుంబాలు. అందరికీ కలిపి ఒకటే వంటిల్లు. ఆరున్నరకల్లా పొయ్యి పక్కగది కుబ్రా బేగానికి అప్పజెప్పాలి. ఆ వెనకే కంపెనీ పికప్ వచ్చి కింద హారన్ కొడుతుంది. ఇంత హడావుడిలో మొగుడికి కొలతలు తీసే సరదా ఎందుకు పుట్టిందో స్వర్ణకు అంతుబట్టలేదు.

"ఏంది, గౌను కుట్టిస్తవా నాకు?"

"కుట్టిస్త తియ్యి. ముందు కూసో. శ్రీజా, అమ్మ ఒళ్ళ కూసో బిడ్డా."

"బాపూ, నేను ఐదో తరగతి!" అంటూనే శ్రీజ బడి సంచీతో సహా తల్లి ఒళ్ళో కూలబడింది. రాజేశ్వర్ ఒకసారి అడ్డంగా, ఒకసారి మోకాళ్ళ దాకా కొలిచి, బాల్‌పెన్నుతో అరచేతి మీద రాసుకున్నాడు. "నాలుగించులు ఎక్కువనే పెట్టాలె" అని తనలో తాను గొణుక్కున్నాడు.

"ఎందుకయ్యా ఇదంత?"

"బండ్ల పనికి."

అంతకు మించి ఒక్క ముక్క రాలలేదు. రాజేశ్వర్‌తో మాట్లాడించడం కంటే అతను అతికించే ఇనుముతో మాట్లాడించడం సులువని స్వర్ణ ఎప్పుడో తేల్చుకుంది. కింద హారన్ మోగింది. పెనం మీద చపాతీ మాడింది. ఆ మాడినదాన్నే అతని డబ్బాలో అడుగున పెట్టి పంపించింది.

బండ్లంటే ఏ బండ్లో ఆమెకు తెలుసు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో రాజేశ్వర్ ఫోర్‌మన్‌గా ఉన్న గ్యారేజీకి కొత్త పని వచ్చింది. ఆరు పెద్ద జీపులను అంబులెన్సులుగా మార్చాలి. అవి ఓడెక్కి టాంజానియాలో రోడ్డే సరిగా లేని పల్లెలకు వెళ్తాయట. ప్రాణం మీదికొచ్చిన బీదవాళ్ళను ఎక్కించుకొని ఆసుపత్రికి చేరుస్తారట. ఆపరేషనైనా మందులైనా ఖర్చంతా ఒక ధర్మసంస్థదేనట. విన్నప్పుడు "మంచి పనే" అనుకొని ఊరుకుంది. టాంజానియా ఎక్కడ, తనెక్కడ!

ఆమె గొప్ప వేరే ఉంది. మెట్‌పల్లి అవతల వాళ్ళ ఊళ్ళో ఇంటికొకడు దుబాయ్‌లో ఉన్నాడు. కానీ మొగుడి వెంట వచ్చి కాపురం చేస్తున్నది మాత్రం స్వర్ణ ఒక్కతే. దుబాయ్ అల్ ఖూజ్ లేబర్ క్యాంపులో పదిమందితో ఒక గదిలో పడుకున్న వెల్డర్ ఫోర్‌మన్ అయ్యేసరికి పదేళ్ళు పట్టింది. ఆ పైన మూడేళ్ళ క్రితం ఫ్యామిలీ వీసా వచ్చింది. అది మంచం, బీరువా పట్టగా మిగిలిన చోట ముగ్గురూ సర్దుకునే గదే. అయినా స్వర్ణకు అదే బంగళా.

బుధవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. గ్యారేజీ ముదీర్, అంటే మేనేజరు, హబీబుల్లా. ఆయనది నిజామాబాద్. పనివాళ్ళందరికీ ముదీర్ అయినా స్వర్ణకు అన్న లెక్క. ఆమె వీసా కాగితాలు ఆఫీసుల చుట్టూ తిరిగి చేయించింది ఆయనే.

"చెల్లె, నీ మొగనికి జర సమజ్ చెయ్యి. నేను ఐదు రోజులు అబుదాబి పోయొచ్చేవరకు ఈడ తమాషా చేసి పెట్టిండు. డ్రాయింగుల మందుల అల్మారా ఉన్నకాడ బెంచి కట్టిండు. అల్మారను తీసి మీద ఏలాడదీసిండు. ఒక్క బండికి గాదు, ఆరు బండ్లకు!"

"బెంచి ఎందుకట అన్నా?"

"పేషంట్ ఎంట వచ్చేటోళ్ళు కూసోనికట! డ్రాయింగుల ఒక్క స్ట్రెచర్, ఒక్క నర్సు సీటు, ఖలాస్. రేపు పదింటికి ఆ సంస్థ ఇంజినీర్ వస్తుండు, ఆ దేశం నర్సు వస్తుంది. ఇప్పరా అంటే ఇప్పనంటడు. బండ్లు పాస్ కాకపోతే మన వీసాలిచ్చిన కఫీల్ ఊకుంటడా? వీసా కేన్సల్ చేసి ఇమానం ఎక్కిస్తడు. అప్పుడు నేను గూడ ఏం చెయ్యలేను చెల్లె."

స్వర్ణ ఫోన్ పెట్టేసింది. శనివారం నాటి కొలతలు ఎందుకో అప్పుడు అర్థమైంది. తన నడుం కొలిచి తన కాపురానికే ఎసరు పెట్టాడన్నమాట!

సాయంత్రం రాజేశ్వర్ వచ్చేసరికి చాయ్ లేదు. శ్రీజను కుబ్రా బేగం గదిలోకి పంపి, తలుపు దగ్గరికి వేసి, స్వర్ణ నడుమున చెయ్యి పెట్టుకొని నిలబడింది.

"ఆ బెంచీలు ఇప్పుతవా లేదా?"

రాజేశ్వర్ చెప్పులు విడుస్తూ, "ఇప్పను" అన్నాడు.

"డ్రాయింగు గీసినోళ్ళకంటె నీకు ఎక్కువ తెలుసా?"

"బండి సంగతి వాళ్ళకు తెలుసు. పల్లెటూరు నాకు తెలుసు. పల్లెల ఆడిమనిషి దవఖానకు ఒక్కతే పోతదా స్వర్ణా? డాక్టరేమన్న అడిగితె చెప్పెటోళ్ళెవ్వరు?"

"అది వాళ్ళ తిప్పలు! మన తిప్పలు సూడవా? వీసా పోతే శ్రీజ బడి ఏమైతది? నేను మళ్ళ ఊర్ల కూసొని నీ ఫోన్ కోసం ఎదురు సూడాల్నా? మూడేండ్లాయె మనం ఒక్కకాడ ఉండవట్టి. అది గూడ బరువైందా నీకు?"

రాజేశ్వర్ వంగి, విడిచిన చెప్పులను గోడవారకు సర్దాడు. మొగుడు తిట్టినా ఓర్చుకునేదేమో, ఆ చెప్పులు సర్దడం మాత్రం స్వర్ణను నిలువునా మండించింది. పన్నెండేళ్ళు నోట్లోనే నొక్కిపట్టిన మాట బయటికి వచ్చేసింది.

"ఎవ్వలో ఆఫ్రికోళ్ళకు తోడు గావాల్నని కొట్లాడుతున్నవు. ఆనాడు నాకు తోడెవ్వలుండిరి? నువ్వుంటివా? ఎట్ల పోయినవే, ఎట్ల పడి ఉన్నవే అని ఏనాడన్న ఒక్క మాట అడిగినవా?"

శ్రీజకు ముందు ఒక కొడుకు. నొప్పులు మొదలై రెండు రోజులైనా కాన్పు కాలేదు. ఎవరో దవఖాన జీపును పిలుచుకొచ్చి స్వర్ణను ఎక్కించారు. తల్లి అంజవ్వకు జీపులో చోటు లేదన్నారు. పెద్ద దవఖానలో ఆపరేషన్ చెయ్యాలన్నారు, ఇంటివాళ్ళ సంతకం లేనిదే చెయ్యమన్నారు. ఆమె వెంట ఎవరూ లేరు. ఎవరైనా వస్తారేమోనని చూసి చూసి, చివరికి చేసేసరికి బిడ్డ దక్కలేదు. ఆ ఏడు సెలవు మీద వచ్చిన రాజేశ్వర్ ఆ ఊసెత్తలేదు. స్వర్ణ కూడా ఎత్తలేదు.

ఇప్పుడు రాజేశ్వర్ మొహం నల్లబడింది.  విడిచిన చెప్పులే మళ్ళీ తొడుక్కొని కిందికి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చి రెండు ముద్దలు తిని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. మరిచిపోయాడు కాబోలు అనుకుంది స్వర్ణ. వీసా పోవడం కంటే ఆ మరుపే ఆమెను ఎక్కువ కోసింది.

గురువారం బడి లేదు; అప్పట్లో అక్కడ వారం సెలవులు గురు, శుక్రవారాలే. రాజేశ్వర్ పికప్ ఎక్కి వెళ్ళిపోయాక ఆమె చీర మార్చుకొని, శ్రీజను వెంటబెట్టుకొని టాక్సీ ఎక్కింది. హబీబుల్లా అన్న చేతులు పట్టుకొనైనా సరే, ఈ ఒక్కసారి కాయమని అడగాలి. మరో మనిషితో బెంచీలు ఊడబీకించమని చెప్పాలి. దారంతా మాటలు కూడబలుక్కుంది.

కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. గ్యారేజీ ముందు ఆరు తెల్లబండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. పొడుగాటి తెల్ల ఇంజినీరు మొదటి బండి వెనక తలుపు తెరిచి, డ్రాయింగు వంక ఒకసారి, బెంచీ వంక ఒకసారి చూస్తూ తల అడ్డంగా ఊపుతున్నాడు. హబీబుల్లా చొక్కా చెమటకు తడిసిపోయింది. పక్కనే నీలం తలగుడ్డ కట్టుకున్న యాభయ్యేళ్ళ నర్సు. స్వర్ణ రేకుల షెడ్డు నీడలో ఆగిపోయింది.

"డ్రాయింగులో లేనిది ఎందుకు పెట్టారని అడుగుతున్నాడమ్మా" అని శ్రీజ గుసగుసలాడింది.

నర్సు చెయ్యెత్తి ఇంజినీరును ఆపి ఏదో అంది. హబీబుల్లా వెనక్కి తిరిగి, "రాజేశ్వర్! కట్టినోణ్ణే చెప్పమంటుంది. చెప్పు, నేను ఇంగ్లీషుల చెప్త" అన్నాడు.

రాజేశ్వర్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు. జన్మలో నలుగురి ముందు నోరు విప్పని మనిషి, బండివైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"నా పెండ్లానికి నొప్పులు లేసినప్పుడు నేను ఈ దేశంలనే ఉన్న సాబ్, అల్ ఖూజ్ క్యాంపుల. దవఖాన జీపుల ఏసుకపోయిండ్రు. మా అత్త అంజవ్వ నేనుగూడ వస్తనన్నది. కింద కూసుంట, కాళ్ళకాడ కూసుంట అన్నది. జాగ లేదన్నరు. కల్వర్టు దాక జీపెంట ఉరికిందట ముసల్ది."

కల్వర్టు సంగతి స్వర్ణకే తెలియదు. జీపులో వెల్లకిలా పడుకున్న మనిషికి వెనక ఎవరు పరుగెత్తుతున్నారో ఎలా తెలుస్తుంది?

"దవఖానల సంతకం పెట్టమన్నరు. పెట్టెటోళ్ళెవ్వలున్నరు? అత్త బస్సు దొరకవట్టుకొని పోయెటాలకు తెల్లారె. కొడుకు... కొడుకు దక్కలే. నా పెండ్లాం నాకు ఎన్నడు చెప్పలె, నేను అడగలె. ఏ మొకం పెట్టుకొని అడుగుత? అత్త క్యాసెట్ల మాట్లాడి పంపింది. టేపు తెగేదాక ఇన్న. తెగినంక అతికిచ్చి గూడ ఇన్న."

అతను చేతిలోని గుడ్డను మడిచి భుజాన వేసుకున్నాడు. 

"ఈ బండి కడుతుంటె, ఆ జాగల అల్మార పెట్ట బుద్ధి కాలె సాబ్."

హబీబుల్లా ఇంగ్లీషు సగంలోనే చతికిలబడింది. భార్య, బిడ్డ, సీటు లేదు అన్న ముక్కలు మాత్రం బయటపడ్డాయి. ఆ ముక్కలే చాలాయి.

"అమ్మా, నాకు అన్న ఉండెనా?" శ్రీజ కళ్ళు పెద్దవి చేసుకొని అడిగింది. స్వర్ణ బిడ్డ తలను పొట్టకు అదుముకుంది. మరిచిపోయాడనుకుంది! తాను ఒక్కసారి పడిన నరకాన్ని ఈ మనిషి పరాయిదేశపు గదిలో, పదిమంది మధ్య, క్యాసెట్టు వేసుకొని పదే పదే పడ్డాడు. నిన్న తను ఎంత మాట అంది!

నర్సు ఇంజినీరువైపు తిరిగి చాలాసేపు మాట్లాడింది. గొంతు పెద్దది కాదు, కానీ ఆయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. హబీబుల్లా పనివాళ్ళందరికీ వినబడేలా తెలుగులో చెప్పాడు.

"వాళ్ళకాడ పాత బండి ఒకటుందట. పైస వద్దు, ఎక్కుండ్రి అన్నా గూడ ఎక్కరట. తల్లిని ఇడిచి పిల్లను పంపరట, అత్తను ఇడిచి కోడల్ని పంపరట. బండి ఖాళీగ వాపస్ వస్తదట. బెంచి పెట్టుండ్రని ఐదేండ్ల సంది చెప్తున్న, ఒక్కడు ఇనలే అంటుంది. ఈ మనిషి నేను చెప్పకముందే ఇన్నడు అంటుంది!"

ఇంజినీరు బండిలోకి ఎక్కి బెంచీని అటూ ఇటూ ఊపి చూశాడు. మీద వేలాడుతున్న అల్మారాను రెండు చేతులతో పట్టుకొని లాగాడు. అది చలించలేదు. బెంచీకి ఒక బెల్టు మాత్రం పెట్టమన్నాడు. తర్వాత జేబులోంచి పెన్సిలు తీసి, ఆ తెల్ల కాగితం మీద, అల్మారా ఉన్నచోట తన చేత్తోనే బెంచీ గీశాడు. ఇకమీద వచ్చే బండ్లన్నీ ఇలాగే కట్టాలట. హబీబుల్లా అప్పటికే ఆ బెంచీ తన బుర్రలోంచే పుట్టినట్టు ఛాతీ విరుచుకొని నిలబడ్డాడు.

బండి నడిపి చూస్తామన్నారు. స్ట్రెచర్ మీద ఎవరైనా పడుకోవాలి. పనివాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ నవ్వుతుంటే స్వర్ణ నీడలోంచి ముందుకొచ్చింది.

"నేను పండుకుంట."

రాజేశ్వర్ ఉలిక్కిపడ్డాడు. "నువ్వెప్పుడొచ్చినవే?"

"కల్వర్టు ముచ్చట కాడికెల్లి ఉన్న" అంది స్వర్ణ.

నర్సు ఆమెను పడుకోబెట్టి పట్టీలు బిగించింది. రాజేశ్వర్ తప్పు చేసినవాడిలా వంగి లోపలికొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన శ్రీజ. బండి ఇండస్ట్రియల్ ఏరియా వెనకవైపు గతుకుల రోడ్డెక్కింది. గతుకు పడ్డప్పుడల్లా అతని చెయ్యి ఆమె భుజాన్ని అదిమి పట్టుకుంటోంది.

"భయమైతుందా?"

"లేదు."

"నీళ్ళు గావాల్నా?"

ఆమెకు దాహంగా లేదు. "ఇయ్యి" అంది. తల కింద చెయ్యి పెట్టి ఎత్తి అతను సీసా నోటికి ఆనించాడు. రెండు గుటకలు మింగేసరికి స్వర్ణకు ఏడుపు తన్నుకొచ్చింది. పన్నెండేళ్ళ కింద ఎవరి ముందూ ఏడవలేక దాచుకున్నదంతా ఏడ్చింది. రాజేశ్వర్ కూడా దాచుకోలేదు. శ్రీజ ఇద్దరి చేతుల మీదా తన చెయ్యి వేసింది.

బండి తిరిగొచ్చి ఆగింది. తలుపు తెరిచి నర్సు ఏదో అడిగింది. ఎలా ఉందని అడుగుతోందని శ్రీజ చెప్పేలోపే స్వర్ణ లేచి కూర్చుంది. పరాయివాళ్ళ ముందు కొంగు చాటునుంచి తప్ప మాట్లాడని మనిషి, గ్యారేజీ అంతా వినబడేలా తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో చెప్పింది.

"బహుత్ అచ్ఛా హై. యే సీట్ మేరా ఆద్మీ బనాయా!"

నర్సుకు హిందీ రాదు. అయినా రాజేశ్వర్ వంక చూసి తల ఊపింది. రాజేశ్వర్ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, బెల్టు బిగించడానికి బోల్టులు వెతుక్కుంటూ షెడ్డులోకి నడిచాడు.