దసరా పసుపు అంటిన డ్రైవ్

వనజాక్షిని తనకు అక్కగా పుట్టించినందుకు దేవుడి మీద రేవతికి చిన్నప్పట్నుంచీ కోపమే. కూరలో ఉప్పు తగ్గిందని ఎవరైనా చెబుతారు. ఉప్పు వేసేటప్పుడు నువ్వు ఫోన్లో ఎవరితో మాట్లాడావో కూడా చెబుతుంది ఆవిడ. అలాంటి మనిషి గూడూరులో ప్రైవేట్ డిటెక్టివ్ అయింది, రేవతి అసిస్టెంటయింది. పేరు అక్కకి, తిరుగుడు చెల్లెలికి.

ఆ ఉదయం కోట అనే ఊరి నుంచి రొయ్యల గుంటల ఆసామి పెంచలకృష్ణ వచ్చి, కంప్యూటర్ హార్డ్ డ్రైవ్ ఒకటి బల్ల మీద పెట్టాడు.

"గుంటల కాడ కెమెరాల రికార్డింగు దీంట్లోకే పోతాదక్కా. మూడు వారాల కింద మా తోడల్లుడు కిషోర్ బాబు కొత్తదని అమ్మినాడు. అప్పుడే చెడింది. ఇంకోటి లేదు, గుంటలకి కళ్లు పోయినట్టే. పాత సరుకు తుడిచి కొత్త కవర్లో పెట్టి అమ్మతా ఉండాడు వాడు. మా అత్త ముందర మీరొక్క మాట చెప్తే చాలు."

"అత్తగారి ముందరే ఎందుకు?" అంది వనజాక్షి.

"చేపల పులుసు చేస్తే తలకాయ ఎప్పుడూ వాడికే! పెద్దల్లుణ్ని, నాకు తోక!"

రేవతికి ఆ తోక బాధ బాగా అర్థమైంది.

వనజాక్షి డ్రైవ్‌ని లాప్‌టాప్‌కి తగిలించింది. అప్పటికే ఇరవై వేల గంటలు నడిచినట్టు లెక్క వచ్చింది. స్క్రూ రంధ్రాల్లో పసుపు.

"రెండేళ్లు దాటిన సరుకు! కిషోర్ దొంగేనక్కా" అంది రేవతి. అక్క డ్రైవ్‌ని చెల్లెలి సంచిలో వేసింది.

మర్నాడు గుంటల దగ్గర షెడ్డులో మోటార్లకీ, కాటాకీ, రికార్డర్ పెట్టెకీ పసుపు బొట్లే.

"దసరా ఆయుధపూజకి మూతలు తీసి లోపల కూడా పెడతానక్కా" అన్నాడు పెంచలకృష్ణ గొప్పగా. "ఇటు చూడండి, ఈ పొద్దున ఆరింటికి కొంగ రొయ్యని ఎట్ట మింగిందో!" అని తెర మీద వెనక్కి తిప్పి మరీ చూపించాడు.

కోట బజార్లో తన కంప్యూటర్ల కొట్టులో కూర్చున్న కిషోర్ బాబు మొహం వాడిపోయి ఉంది. "సీలు తియ్యకుండా ఇచ్చినానక్కా. బిగిస్తానంటే ఆయనే వద్దన్నాడు. అరవై గుంటల కెమెరాల పని ఎవరికిచ్చేదీ రేపు రైతుల సంఘం తేలుస్తాది. ఈ మాట పాకితే నా కొట్టుకి తాళమే."

సాయంత్రం అత్తగారు ఆదిశేషమ్మ ఇంట్లో అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు.

"డ్రైవ్ పాతదే" అంది వనజాక్షి. పెంచలకృష్ణ మీసం దువ్వాడు. "అయితే ఇది మూడు వారాల కింద కొన్నది. దసరా అయి నాలుగు నెలలు. దీనికి పసుపెలా అంటింది?"

"ఇంకెవురన్నా పూజ చేసుండొచ్చు గదా?"

"ఉండొచ్చు. మరి కొంగో? డ్రైవ్ లేని రికార్డర్ వెనక్కి తిప్పి చూపించలేదు. ఇదేమో నిన్నట్నుంచీ మా చెల్లెలి సంచిలో ఉంది. కిషోర్ అమ్మిన కొత్తది మీ పెట్టెలోనే నడుస్తోంది. మీ పాతది తెచ్చి నా బల్ల మీద పెట్టారు. షెడ్డుకెళ్లి మూత తీసి చూద్దామా?"

ఆ సంచి రెండు రోజులు మోసింది తనే. ఆ సంగతి తనకెందుకు తట్టలేదా అని రేవతి సంచిని విసురుగా పక్కకి నెట్టింది.

"ఏంది అబ్బయా ఇది?" అంది ఆదిశేషమ్మ. ఆవిడ గరిటెతో చేప తలకాయ తీసి పెద్దల్లుడి విస్తట్లో వేసింది.

పెంచలకృష్ణ దాన్ని తీసి పక్కనున్న కిషోర్ విస్తట్లో పెట్టాడు.

"తప్పు నాదే కిషోరా. నువ్వమ్మింది కొత్తదే. రేపు సంఘంలో కూడా ఈ మాటే చెప్తా."