తలుపవతల పళ్ళ చప్పుడు

మధ్యాహ్నం వాన పట్టుకుంది. చేతిలో కుట్టుపని పక్కన పడేసి, దర్జీ ఆవిడ రోజూలాగే కూతురి గది తలుపుకి వీపు ఆనించి నేలమీద కూర్చుంది. లోపలికి మాత్రం వెళ్ళదు. జ్వరంతో పిల్ల పోయిన నాటినుంచి ఆ గడప దాటింది లేదు. చుట్టాలంతా గుండెలు బాదుకున్నారు గానీ ఆవిడ కంట చుక్క నీరు రాలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది. వేలికి సూది దిగినా, రక్తం చూశాక గానీ తెలియడం లేదు.

గదిలో ఇప్పుడు ఉండేది దూది ఒక్కటే, పిల్ల ప్రాణంగా పెంచుకున్న తెల్ల కుందేలు. దానికి మేత వేయడం, గది తుడవడం అన్నీ భర్తే చూసుకుంటాడు.

కుందేలు చప్పుళ్ళకి అర్థాలు ఇంట్లో వాళ్ళకి నేర్పింది పిల్లే.

"అమ్మా, తల నిమిరితే పళ్ళు మెల్లగా కొరుకుతుంది చూడు, అంటే హాయిగా ఉందని. అవే పళ్ళు గట్టిగా నూరిందనుకో, నొప్పి. వెనక్కాలితో నేలని దబ్బుమని కొడితే, ఏదో వస్తోంది, పారిపొమ్మని."

"మరి నా గురకకి అర్థమేంటో కూడా చెప్పు తల్లీ," అనేవాడు తండ్రి.

"అదీ పారిపొమ్మనే నాన్నా!"

ముగ్గురూ పడీపడీ నవ్వేవాళ్ళు.

ఇవాళా ఎప్పటిలాగే తలుపవతల ఆ చప్పుడు మొదలైంది. కిటకిట... కిటకిట... మెల్లగా. ఎవరైనా తల నిమిరితే గానీ దూది అలా చేయదు. లోపల నిమిరేవాళ్ళు ఎవరూ లేరు.

ఆవిడ భయపడలేదు. నా తల్లే వచ్చింది అనుకుంది. రోజు మొత్తంలో ఆ కాసేపే తను బతికున్నట్టు అనిపించేది. ఒక్కసారి కళ్ళారా చూసుకుంటే చాలు, ఏడుపొస్తుంది. ఏడిస్తే బతుకుతుంది.

లేచి, గడియ తీసింది.

తలుపు తెరుచుకోగానే చప్పుడు పెద్దదైంది. కటకటా... కటకటా... ఆవిడ గడప లోపలే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ చెక్కతలుపు అడ్డం ఉండబట్టి మెల్లగా వినిపించింది, అంతే.

అది హాయి కాదు. నొప్పి.

దూది మంచం పక్కన నేలకి కరుచుకుపోయి ఉంది. కళ్ళు బయటికొచ్చేశాయి. చెవుల మధ్య బొచ్చు దానంతటదే అణిగి, వెనక్కి పాకుతోంది... ఐదు చాళ్ళు. వేళ్ళ జాడలు.

పిల్ల వేళ్ళు అంత పొడుగు కావు.

"అమ్మలూ... నువ్వేనా?" అంది గుసగుసగా.

వేళ్ళు ఆగాయి. బొచ్చు పైకి లేచింది. కుందేలు ఒక్క ఉదుటున ఆవిడ కాళ్ళ మధ్యనుంచి హాల్లోకి దూకేసింది. దబ్... దబ్... వెనక్కాలితో నేలని బాదుతోంది.

దానర్థం ఆవిడకి తెలుసు. కాళ్ళే కదల్లేదు.

వెనకాల తలుపు మూసుకుంది. నుదుటి మీద ఏదో చల్లగా ఆనింది. పాపిట మీదుగా... మెల్లగా... వెనక్కి...

ఎన్నాళ్ళకో ఆవిడకి నొప్పి తెలిసింది.

వీధి తలుపు చప్పుడైంది. పనినుంచి భర్త వచ్చాడు. "ఏమే, దూదిని బయటికి వదిలేశావా?" అంటూ గది దాకా వచ్చి ఆగాడు. ఆవిడ పిలుద్దామనుకుంది. నోరు తెరుచుకోలేదు.

తలుపవతల అతని గొంతు బాగా తగ్గింది.

"దూది నా చేతుల్లోనే ఉంది కదా... మరి లోపల అంత హాయిగా పళ్ళు కొరుకుతున్నదెవరు?"