దొంగ చల్లదనం

డాబా తలుపు తోసుకుని వచ్చిన అబ్బాయి ముఖానికి తడి దుప్పటి ఒకటి ఫెళ్లున తగిలింది. దాని వెనకాల క్లిప్పులు నోట కరుచుకుని నిలబడ్డ లాండ్రీవాళ్ళమ్మాయి అయ్యో అనైనా అనలేదు. దుప్పటి మళ్ళీ ఉతకాలా ఏమిటన్నట్టు చూసింది.

అతను వాతావరణ ఆఫీసు టెక్నీషియన్. ఈమధ్య ఎండలు చెప్పాపెట్టకుండా ముదిరిపోతున్నాయని వీధికొక సెన్సర్ పెట్టారు. వేడి హద్దు దాటితే వీధిలో అందరి ఫోన్లూ మోగుతాయి, పనులు ఆగుతాయి. ఊరంతా పెనంలా కాలుతుంటే, ఈ డాబా మీది సెన్సర్ ఒక్కటే హాయిగా చల్లగా ఉందంటోంది.

"చుట్టూ ఇన్ని తడిబట్టలుంటే అదేం చేస్తుంది పాపం. తీగ కాస్త జరపండి."

"మీ పెట్టె మొన్న వచ్చింది. మా తీగ నేను పుట్టకముందు నుంచీ ఉంది. ఎవరు జరగాలి?"

చివరికి అతనే చొక్కా తడుపుకుంటూ తీగ విప్పి అవతలి మూలకు కట్టాడు. వెళ్తూ మెట్ల మలుపులో వెనక్కి చూశాడు. ఆమె గమనించలేదనుకున్నాడు.

ఆ తర్వాత సెన్సర్ బుద్ధిగా పనిచేసింది. బుద్ధిగా పనిచేసేదాన్ని చూడ్డానికి ఎవరొస్తారు? ఆ అమ్మాయికి దాన్ని చూస్తే ఒళ్ళు మండేది. ఒక పొద్దున తడి తువ్వాలు తెచ్చి దాని నెత్తిన కప్పి ముడేసింది. ఎండెక్కేలోగా తీసేయాలని మాత్రం గట్టిగా అనుకుంది. కింద ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడే నాన్న, ఫోనులో ఆ వేడి హెచ్చరిక మోగితే తప్ప ఇస్త్రీపెట్టె కింద పెట్టడు మరి.

అతను ఆదరాబాదరాగా వచ్చాడు. గాలికి ఎగిరొచ్చి పడిందని ఆమె చెప్పింది. గాలికి ముడెయ్యడం కూడా వచ్చా అని అతను అడిగాడు.

ఆ గాలి తరచూ వీచింది. ఒకసారి తలగడ గలీబు, ఒకసారి నాన్న బనియను. అతను వచ్చి చీవాట్లు పెట్టేవాడు, ఆపైన నీళ్ళ ట్యాంకు నీడన కూర్చుని, వానలు వేళ తప్పి ఎందుకు కురుస్తున్నాయో చెప్పేవాడు. అలాంటి వాన ఒకటి మాట మధ్యలోనే కురిసింది. ఇద్దరూ పరుగెత్తి ఒకే దుప్పటి చెరో కొసా పట్టుకున్నారు. మడత పెడుతూ పెడుతూ ఎదురెదురుగా వచ్చేశారు. ఆ మడత ఎంతకీ సరిగ్గా కుదరలేదు.

ఒక ఉదయం అతను పనిసంచీ లేకుండా వచ్చాడు.

"రేపటి నుంచి కొత్త సాఫ్ట్‌వేర్. ఇలాంటి దొంగ చల్లదనాన్ని అదే పట్టేసి, అదే సరిదిద్దుకుంటుంది. ఇక మనిషి రానక్కర్లేదు."

ఆమె క్లిప్పు పెట్టడం ఆపలేదు. "అంటే తువ్వాలు నేనే కప్పానని తెలిసిపోతుందా?"

"అది మొదటి రోజే తెలిసింది. ఆఫీసులో కూర్చుని ఒక్క బటన్ నొక్కి లెక్క సరిచేస్తే సరిపోయేది."

"మరి నొక్కలేదే?"

"నొక్కేస్తే ఇక్కడికి ఏ మొహం పెట్టుకుని రాను?"

చేతిలో క్లిప్పు జారి ఎక్కడో పడింది. ఆమె వెతకలేదు.

"మీ సాఫ్ట్‌వేర్ బట్టలుతుకుతుందా?"

"ఉతకదు."

"మాసిన బట్టలున్నవాళ్ళు లాండ్రీకి రావడానికి వేరే మొహం ఎందుకండీ?"

మర్నాడు పొద్దున్నే అతను ఇంత సంచీ మోసుకుని కింద కౌంటరు ముందు నిలబడ్డాడు. నాన్న ఒక్కో చొక్కా తీసి, కాలరు తిప్పి, వెలుతురుకి పట్టి చూశాడు. మరక లేదు. మడత నలగలేదు. ఒకదానికైతే కొన్న షాపు చీటీ ఇంకా వేలాడుతోంది. అతను చెమటలు తుడుచుకున్నాడు.

నాన్న అతణ్ణి ఎగాదిగా చూశాడు. అన్నీ మళ్ళీ సంచీలో సర్దేసి, మెట్ల వైపు తలెత్తి కేకేశాడు.

"అమ్మాయ్, ఈ అబ్బాయి బట్టలకేం కాలేదు. ఏమైనా అయితే మనిషికే అయింది. పైకి పంపుతున్నా, నువ్వే చూసుకో."