చిజురు ఎడమచేతి నాడి

“మళ్ళీ పాడుచేశావా! మొన్ననేగా మార్చి తెచ్చింది!”

అత్తగారు తోమిఎ గొంతు వంటింట్లో ఖంగుమంది. ఆ ఇంట్లో పొద్దున్నే మిసో సూప్ ముట్టేముందు అందరూ బీపీ చూసుకోవాలి, అది అత్తగారి శాసనం! ఆవిడకీ, మామగారు మసావోకీ అంకెలు చక్కగా వచ్చాయి. కోడలు చిజురు ఎడమచేతికి పట్టీ చుట్టగానే మిషన్ మూలిగి మూలిగి, ఏ అంకే చూపకుండా ఊరుకుంది...

“ఇక నేను మార్చుకు రాను. నన్ను చూడగానే షాపువాళ్ళే ముందు వంగి క్షమాపణ చెబుతున్నారు,” అన్నాడు మసావో.

చిజురు తల దించుకుంది. జుట్టు దువ్వుకుంటుంటే చెయ్యి వాలిపోతోందనీ, లేస్తే కళ్ళు తిరుగుతున్నాయనీ ఎవరితో చెప్పుకోవాలి? భర్త చూస్తే బదిలీ మీద ఒసాకాలో ఉన్నాడు. చెబితే ఇంటికి బరువైపోదూ! అనుకుంటూనే గిన్నెల దగ్గర కూలబడిపోయింది.

తిడుతూనే టాక్సీ ఎక్కించింది తోమిఎ. క్లినిక్‌లో నర్సు మిషన్ కూడా మొరాయించింది. అత్తగారు సిగ్గుతో నడుం దాకా వంగింది.

“క్షమించండమ్మా! మా కోడలు మీదీ పాడుచేసింది!”

డాక్టరు చిజురు మణికట్టు పట్టుకున్నాడు. వేళ్ళు జరిపి జరిపి చూశాడు. “ఈ చేతికి నాడి అందడం లేదు.”

“నాడి లేకుండానే ఇన్నాళ్ళూ అంత చాకిరీ చేసిందా!” తోమిఎ గొల్లుమంది.

పెద్దాసుపత్రిలో స్కాన్లయ్యాక జబ్బు పేరు తేలింది: తకయాసు. ఒంటిని కాపాడవలసిన బలగమే పొరబడి పెద్ద రక్తనాళాల మీద పడుతుందట. అవి వాచి, సన్నబడితే చేతికి రక్తం అందదట. ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్ళకే వస్తుందట. వదిలేస్తే గుండెకీ, మెదడుకీ ముప్పు. మందులతో అదుపులో పెట్టవచ్చు, కానీ ఏళ్ళతరబడి వాడాలి.

“పెద్దవయసువాళ్ళకి కణతల దగ్గర నాళాలకి వచ్చే జబ్బు కూడా ఈ కోవదే,” అన్నాడు డాక్టరు.

తోమిఎ గబుక్కున కణతలు తడుముకుంది. “అయితే నాకూ...?”

“మీ నాడి గుర్రంలా ఉందండీ!”

ఆ రాత్రి భోజనాల దగ్గర చిజురు చాప్‌స్టిక్స్ కింద పెట్టింది. కళ్ళనిండా నీళ్ళు. “అత్తయ్యా, నా వల్ల మీకెందుకు ఇబ్బంది... మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను.”

“వెళ్ళు. నేనూ వస్తాను. ఏ మందు ఎప్పుడెయ్యాలో మీ అమ్మకేం తెలుసు?”

మసావో నోట్లో ముద్ద ఆగిపోయింది. “మరి... నా అన్నం?”

“విన్నావుగా అమ్మాయ్! మీ మామయ్య పస్తుంటాడు. అందుకని ఎవరం ఎక్కడికీ వెళ్ళడం లేదు. తిను!”