రాజమండ్రి కీర్తి ఎంత?

2079 ఫిబ్రవరిలో రాజమండ్రి జనానికి కొత్త అలవాటు ఒకటి పట్టుకుంది. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ వీధి చివరికి వచ్చి, అక్కడున్న స్తంభం వైపు చూసేవారు. వెనకటికి వరదల రోజుల్లో ధవళేశ్వరం దగ్గర గోదావరి ఎన్ని అడుగులుందో కనుక్కునేవారట. ఇప్పుడు కనుక్కునేది ఊరి కీర్తి ఎంతుందో. స్తంభం మీద ఆకుపచ్చ వెలుగులో ఒక అంకె కనిపిస్తుంది. ప్రపంచ జలక్రీడలు మొదలైన రోజున ఆ అంకె నలభై రెండు.

"నిన్నటి మీద ఒకటి తగ్గిందండోయ్."

"తగ్గక పెరుగుద్దేంటండీ? మన ఊరు కదండీ మరి!"

నవ్వుకుని ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళిపోయేవారు.

ఆ అంకెను లెక్కగట్టే యంత్రం పేరు కీర్తిమాపకం. పాత రైలు వంతెన పక్కన మూడంతస్తుల భవనంలో ఉంటుంది. తయారు చేసింది డాక్టర్ సత్తి ఇందుజ. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఆ ఊళ్ళోనే. మనిషికి జ్వరం ఎంతుందో చెప్పినట్టు నగరానికి మంచిపేరు ఎంతుందో చెప్పవచ్చని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతో ఇరవై ఏళ్ళు పనిచేసింది.

మాపకం పనిచేసే తీరు పైకి సులువుగానే కనిపిస్తుంది. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఒక నగరం గురించి బహిరంగంగా అనుకునే మాటలు, అంటే ప్రసారాలు, రాతలు, వినడానికి అనుమతి ఇచ్చినవారి సంభాషణలు దానికి చేరతాయి. వాటిని అది మూడు జల్లెడల్లో పడుతుంది. లాభానికో, భయానికో, పైవాళ్ళు చెప్పారనో అన్న మాటలను మొదటి జల్లెడ ఆపేస్తుంది. అందుకే ప్రకటనల విలువ సున్నా. రెండో జల్లెడ గొంతులోని ఇష్టాయిష్టాలను కొలుస్తుంది. మూడోది మాటకు బరువు కడుతుంది. ఒక పూట చూసి వెళ్ళినవాడి మాటకన్నా ముప్ఫై ఏళ్ళు కాపురం ఉన్నవాడి మాట బరువు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని ఇందుజే ఆ నియమం పెట్టింది. దాంతో ఏ నగరం అంకెలోనైనా మూడింట రెండొంతులు ఆ ఊరివాళ్ళదే అవుతుంది. పెట్టిన కొన్నాళ్ళకు ఆ సంగతి ఆమెకే గుర్తు లేకుండా పోయింది. ఎవరేమన్నారో యంత్రం చెప్పదు, చెప్పకూడదని చట్టం. మాట ఎంత దూరం నుంచి వచ్చిందీ, ఎన్నేళ్ళ పరిచయంతో వచ్చిందీ మాత్రం అడగవచ్చు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. తిట్టేది బయటివాళ్ళేనని అందరికీ తెలుసు కదా, ఇక అడగడం దేనికి?

ఆనకట్టకు ఎగువన నిండుగా నిలిచిన గోదావరి మీద తేలే స్టేడియం కట్టారు. నలభై ముక్కలుగా చేసి బిగించారు. దానికి ఆనుకునే రోయింగ్ కళాశాల కూడా ఉంది. ముగింపు రోజు సూర్యాస్తమయానికి కీర్తి అంకె డెబ్బై అయిదు దాటితే ఆ రెండూ రాజమండ్రికే శాశ్వతం. దాటకపోతే ముక్కలు విప్పి, లాకులు దాటించి, సముద్రం మీదుగా వచ్చే క్రీడల నగరానికి లాక్కుపోతారు. క్రీడా సమాఖ్య షరతు అది. పదకొండేళ్ళ కింద నగరసభలో లేచి నిలబడి, "డెబ్బై అయిదు మనకో లెక్క కాదు, నాదీ పూచీ" అన్నది ఇందుజే. ఆ మాట నమ్ముకుని ఊరంతా చెమటోడ్చింది.

నాలుగో రోజుకు అంకె ముప్ఫై ఎనిమిదికి దిగింది.

మేయర్ యాళ్ల పద్మలత విసవిసా నడుచుకుంటూ మాపక కేంద్రానికి వచ్చింది. "ఛ, ఈ ఊరింక బాగుపడదండీ!" అంటూ కుర్చీలో కూలబడింది. తర్వాత ఇరవై నిమిషాలపాటు ఆపకుండా మాట్లాడింది. "ఇదేం లెక్కండీ డాక్టరమ్మగారూ? ప్రారంభోత్సవం చూసి దేశదేశాలవాళ్ళు నోరెళ్ళబెట్టేరు. ఘాట్లన్నీ అద్దంలా తుడిచేం. వచ్చినోళ్ళని వచ్చినట్టు భోజనానికి కూర్చోబెడుతున్నాం. ఎవరండీ మనల్ని ఇలా ఆడిపోసుకుంటున్నది? ఈ క్రీడల కోసం మనతో పోటీపడి ఓడిపోయిన ఊళ్ళవాళ్ళే కదండీ?"

"వాళ్ళే అయ్యుంటారు," అంది ఇందుజ. ఆమెకూ అదే అనుమానం. యంత్రం వైపు తిరిగింది. "మాపకం, మన నగరాన్ని తీసిపారేసే మాటలు ఎక్కడి నుంచి వస్తున్నాయి?"

"అన్ని వైపుల నుంచీ వస్తున్నాయి, డాక్టర్. కానీ నూటికి డెబ్బై ఒకటి ఈ భవనానికి ముప్ఫై కిలోమీటర్ల లోపలే పుడుతున్నాయి."

"అంటే ఇక్కడికొచ్చిన అతిథులవా?"

"కావు. ఆ మాటలన్నవారికి ఈ నగరంతో సగటు పరిచయం ముప్ఫై నాలుగేళ్ళు."

"మీ యంత్రం పాడైపోయిందండీ," అంది మేయర్.

"యంత్రం బాగానే ఉంది," అంది మాపకం మర్యాదగా. "ఆ మాటల్లో ఒకటి ఇరవై నిమిషాల కింద ఈ గదిలోనే పుట్టింది."

ఇందుజకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

అయినా చెవులతో వింటే గానీ నమ్మలేకపోయింది. ఆ మధ్యాహ్నమే మామూలు ప్రయాణికురాలిలా కోటిలింగాల రేవులో పడవ టాక్సీ ఎక్కింది. పడవ నడిపే మనిషి పేరు పెమ్మాడి గంగరాజు, అరవై ఏళ్ళు ఉంటాయి. పడవలో ఇంకో ప్రయాణికురాలు మార్గిత్. ఎస్టోనియా నుంచి వచ్చింది, ఆమె కూతురు ఎనిమిది తెడ్ల పోటీలో ఉంది. మార్గిత్ చెవికి చెవిదుబాసీ ఉంది. ఎదుటివాళ్ళ మాటను ఆమె భాషలో చెవిలో చెప్పి, ఆమె మాటను వాళ్ళ భాషలో పైకి పలికే బఠాణీ గింజంత పరికరం అది.

"మీ ఊరు చాలా బాగుంది," అంది మార్గిత్.

"ఆయ్, మా ఊరాండీ? ఏవుందండీ ఇక్కడ? ఉక్కపోతా, దోమలూనూ. అంత దూరం నుంచి ఎందుకొచ్చేరండీ పాపం!" అన్నాడు గంగరాజు. అంటూనే మార్గిత్ కూర్చున్న చోట ఎండ పడుతోందని తన తువ్వాలు విప్పి పందిరిలా కట్టాడు. డబ్బా తెరిచి పూతరేకు చేతిలో పెట్టాడు. ఆమె వద్దంటే ఇంకోటి పెట్టాడు.

చెవిదుబాసీ నమ్మకమైన పరికరం. ఉక్కపోతనూ దోమలనూ పొల్లుపోకుండా అనువదించింది. పందిరినీ పూతరేకునూ అనువదించడం దానికి చేతకాదు. మార్గిత్ ముఖం కొంచెం చిన్నబోయింది. పొగిడితే ఎందుకిలా అంటున్నాడో ఆమెకు బోధపడలేదు. కాసేపు ఆలోచించి, ఉన్నదున్నట్టు అడిగేసింది.

"మరి మీరు ఇక్కడే ఎందుకు ఉంటున్నారు?"

గంగరాజు చేతిలో చుక్కాని ఆగింది. అరవై ఏళ్ళలో ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. ఏదో ఎటకారం ఆడబోయాడు గానీ నోటికి రాలేదు.

"మా అమ్మ పోయినప్పుడండీ," అన్నాడు చివరికి, "వరద. కాటికి తీసుకెళ్ళే దారి లేదు. ఎవరెవరో, ముఖం తెలీనోళ్ళు, తొమ్మిది పడవలు కట్టుకొచ్చేరండి. అడక్కుండానే. ఈ గోదారినీ, ఈ మనుషుల్నీ వదిలేసి ఎక్కడికెల్తానండీ నేను?"

చెవిదుబాసీ దాన్నీ పొల్లుపోకుండా చెప్పింది. మార్గిత్ కళ్ళు తుడుచుకుంది. వెనక కూర్చున్న ఇందుజ కూడా తుడుచుకుంది. రేవు చేరేసరికి ఆమెకు చేయవలసిన పని తెలిసిపోయింది.

మేయర్ అప్పటికే తన ఉపాయంతో సిద్ధంగా ఉంది. "ఊళ్ళో అందరూ ఊరిని పొగడాలని ఉత్తర్వు వేసేద్దామండీ. రేపు పొద్దున్నుంచే."

"మొదటి జల్లెడలోనే ఆగిపోతుంది మేయర్ గారూ. చెప్పించిన మాటకు విలువ సున్నా."

"మరేం చేద్దామండీ?"

"మనవాళ్ళకు ఏమీ చెప్పొద్దు. అతిథులకు చెబుదాం. ఇక్కడివాళ్ళు ఊరిని తీసిపారేస్తే నమ్మకండి, మరి మీరిక్కడే ఎందుకున్నారని అడగండి. అంతే."

"అడిగితే మటుకు మనోళ్ళు సరిగ్గా చెబుతారా?" మేయర్‌కు నమ్మకం కుదరలేదు. వేరే దారి లేక సరేనంది. మర్నాడు ఉదయానికి రెండు లక్షల చెవిదుబాసీల్లో ఆ సూచన వినిపించింది.

మొదటి రోజు ఊరు తడబడింది. రోజ్ మిల్క్ కొట్టు సుభాషిణి "ఎందుకుంటానండీ, కొట్టు ఇక్కడుంది కాబట్టి" అని తప్పించుకుంది. కొనేవాడు వదల్లేదు. అప్పుడు చెప్పింది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఎవరితోనూ మాట్లాడక దిగులుగా ఉంటే, ఎదురింటావిడ రోజూ ఏదో ఒక వంకతో గిన్నె పట్టుకుని అప్పుకు వచ్చేదట. ఆవిడింట్లో అన్నీ ఉండేవని ఏడాది తర్వాత తెలిసిందట. చెప్పడం ముగించి సుభాషిణి తనే ఆశ్చర్యపోయింది. ఆ సంగతి తలుచుకుని ఎన్నేళ్ళయిందో!

ఊరంతటా అలాంటి కథలే బయటికి వచ్చాయి. ఒకరు చెబుతుంటే పక్కవాళ్ళు అందుకున్నారు, ఇంకొకరు తప్పులు దిద్దారు. అతిథులు వెళ్ళిపోయాక కూడా అరుగుల మీద కూర్చుని చెప్పుకోవడం మానలేదు. అంకె నలభై తొమ్మిదయింది. తర్వాత యాభై ఎనిమిది, అరవై ఆరు. స్తంభాల దగ్గర ఎటకారాలు తగ్గాయి. పూర్తిగా పోయాయంటే మాత్రం అబద్ధం, అవి పోతే అది గోదావరి జిల్లా ఎలా అవుతుంది?

ముగింపు రోజు మధ్యాహ్నానికి అంకె డెబ్బై రెండు దగ్గర ఆగింది. అక్కడి నుంచి కదల్లేదు. అంతా అయిపోయి ఎనిమిది తెడ్ల పోటీ ఒక్కటే మిగిలింది. ఇందుజ స్టేడియంలో మేయర్ పక్కన కూర్చుంది గానీ ఆమె చూపు నీళ్ళ మీద లేదు. స్టేడియానికి అవతల లాగుడు పడవలు తాళ్ళతో సిద్ధంగా ఉన్నాయి. వాటిని మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతోంది.

సగం దూరంలో ఎస్టోనియా పడవలో ఒక తెడ్డు పుటుక్కున విరిగింది. అది మార్గిత్ కూతురిదే. మిగతా పడవలు దూసుకుపోయాయి. ఏడు తెడ్లతో ఆ పడవ అందరికంటే వెనకబడింది. గెలిచిన పడవ గీత దాటిపోయింది, గంట మోగింది. రెండు గట్ల మీదా ఉన్న మూడు లక్షల మందీ లేచి వెళ్ళిపోవచ్చు. ఒక్కరూ కదల్లేదు.

ఎవరు మొదలుపెట్టారో తెలియదు. కొవ్వూరు వైపు గట్టు మీద ఒక గొంతు "హైలెస్సా!" అంది. రాజమండ్రి గట్టు "హైలెస్సా!" అని బదులిచ్చింది. తెడ్డు వేసిన ప్రతిసారీ ఈ గట్టొకసారి, ఆ గట్టొకసారి. మేయర్ లేచి నిలబడి గొంతు చించుకుని అరుస్తోంది. పడవలో పిల్లలకు ఆ మాటకు అర్థం తెలియకపోయినా తెడ్ల లయ కుదిరింది. విరిగిన తెడ్డు పట్టుకున్న అమ్మాయి కూడా దానితోనే గాలిలో వేస్తోంది. ఆ పడవ చిట్టచివర గీత దాటినప్పుడు వచ్చిన కేక గెలిచినవాళ్ళకు కూడా రాలేదు. ఇందుజ కూడా అరిచింది. లాగుడు పడవల సంగతే మరిచిపోయింది.

సూర్యుడు కొవ్వూరు గట్టు వెనక్కి దిగాడు. స్తంభాల మీద అంకె మారింది.

డెబ్బై తొమ్మిది.

ఆ క్షణాన రాజమండ్రిలో ఎవరు ఎవరిని కౌగిలించుకున్నారో లెక్క లేదు. లాగుడు పడవలవాళ్ళు కూడా తాళ్ళు వదిలేసి ఈలలు వేశారు. పద్మలత ఇందుజ చెయ్యి పట్టుకుని మాపక కేంద్రానికి దాదాపు ఈడ్చుకెళ్ళింది. "చెప్పించండి డాక్టరమ్మగారూ! ప్రపంచం మనల్ని ఎలా మెచ్చుకుందో అంకెలతో చెప్పించండి. వేదిక ఎక్కి చదవాలి!"

"మాపకం, బయటివాళ్ళ మెప్పు ఎంత?"

"ఎనభై మూడు, డాక్టర్."

"చూశారా!" అంది మేయర్. "మరి మొదటి రోజున ఎంతుందండీ?"

"ఎనభై రెండు."

ఇందుజ నెమ్మదిగా అడిగింది. "ఊరివాళ్ళది?"

"మొదటి రోజున ఇరవై రెండు. నాలుగో రోజున పదహారు. ఇప్పుడు డెబ్బై ఏడు. బయటివారికి ఈ నగరం మొదటి నుంచీ నచ్చింది. ఆ సంగతి నన్ను ఎవరూ అడగలేదు."

పద్మలత వెళ్ళి తలుపు మూసింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఈ ముక్క బయటికి చెప్పకండేం. మనల్ని మనమే మెచ్చుకున్నామంటే మనోళ్ళు నవ్విపోతారండీ. పొరుగింటి పుల్లకూరే కదండీ రుచి! ప్రపంచం మెచ్చుకుందనే చెబుతాను. అబద్ధం కాదు కదండీ?"

"అబద్ధం కాదు," అంది ఇందుజ. "కొత్త సంగతీ కాదు."

మేయర్ వెళ్ళిపోయింది. కాసేపటికి తెరిచిన కిటికీలోంచి ఆమె గొంతు మైకులో నది మీదుగా వినిపించింది. "ప్రపంచం మన ఊరిని మెచ్చుకుందండీ!" మూడు లక్షల గొంతులు ఒక్కసారి హోరెత్తాయి. భవనం అద్దాలు అదిరాయి.

కిటికీ అవతల స్తంభం మీద అంకె గిరగిరా తిరిగి ఎనభై ఆరు దగ్గర ఆగింది.

"మాపకం, ఈ ఏడూ ఎక్కడి నుంచి వచ్చాయి?" అని అడిగింది ఇందుజ. జవాబు ఆమెకు తెలుసు, అయినా వినాలనిపించింది.

"మొత్తం ముప్ఫై కిలోమీటర్ల లోపలి నుంచే, డాక్టర్. ప్రపంచం ఎనభై మూడు దగ్గరే ఉంది."