ఎఫ్-సిక్స్ నొక్కాక

"అన్నను చంపినవాళ్ల దగ్గరికి తమ్ముణ్ణి పంపడం రూల్స్‌కి విరుద్ధం," అన్నాడు చీఫ్. "కానీ ఆ పాత కంప్యూటర్‌ని లేపడం ఇంకెవరికీ రాదు."

డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతణ్ణి తమ్ముడనే పిలుస్తారు. అన్న పదకొండు రోజుల క్రితం తన వర్క్‌టేబుల్ దగ్గరే, వెనకనుంచి తగిలిన ఒక్క బుల్లెట్‌తో పోయాడు. చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉంది. టేబుల్ మీద కంప్యూటర్ లేదు.

"హార్డ్ డిస్క్‌లో మన సీక్రెట్ ఏజెంట్లు నలభైమంది పేర్లున్నాయి. ఎత్తుకెళ్లింది విదేశీ ముఠా. సిస్టమ్ చెడగొట్టుకున్నారు. మీ అన్న బిగించిన కంట్రోలర్ కార్డు మాట తప్ప ఆ డిస్క్ ఇంకెవరి మాటా వినదు. ఆ కార్డుని సిస్టమ్ గుర్తుపట్టాలంటే డ్రైవర్ ప్రోగ్రాం ఎక్కించాలి. మెకానిక్‌ని వెతుకుతున్నారు."

"కార్డు ఎప్పుడు బిగించాడు సార్?"

"చనిపోయిన రోజే. వచ్చింది, బిగించింది, డ్రైవర్ ఎక్కించింది, అన్నీ ఆ మధ్యాహ్నమే. లాగ్‌బుక్‌లో ఉంది."

"లోపల మనవాళ్లెవరు?"

"మీ వదిన."

కాబోయే వదిన. ఆరునెలలుగా ముఠాలో డిపార్ట్‌మెంట్ కళ్లూ చెవులూ ఆమే. హత్య జరిగిన రోజు ఊళ్లో లేనని, ఆ మెషీన్‌ని కంటితో కూడా చూడలేదని ఫోన్‌లో ఏడ్చింది.

చీఫ్ ఒక ఫ్లాపీ ఇచ్చాడు. "డ్రైవర్ ఇందులోనూ ఉంది. డిస్క్ దొరకగానే ఫైళ్లన్నిటి మీదా సున్నాలు రాసి చెరిపేస్తుంది."

అన్న స్క్రూడ్రైవర్ కూడా ఇచ్చాడు. పిడి తిప్పితే కింద వ్యాన్‌లో ఉన్నవాళ్లకు సిగ్నల్.

మూతపడ్డ టైప్ ఇన్‌స్టిట్యూట్, మేడమీది గది. బల్లల మీద మెషీన్లు తీసేసిన చోట దుమ్ములేని చదరాలు. నెరిసిన పెట్టుడు మీసంతో, గ్రీజు చొక్కాతో తమ్ముడు లోపలికొచ్చాడు. కిటికీ పక్కన ఎర్రకోటులో వదిన. ముఠా బాస్ చేతిలో పిస్టల్, పక్కన బల్ల మీద అన్న కంప్యూటర్.

"ఇంత పాతదానికి స్పేర్లు దొరుకుతాయా?" అంది వదిన. అది కోడ్.

"వెతికేవాడుంటే దొరుకుతాయమ్మా."

బాస్ ఒక ఫ్లాపీ విసిరాడు. లేబుల్ మీద అన్న చేతిరాత. తమ్ముడు దానివైపు ఒక్క క్షణం చూసి, సిస్టమ్ ఎక్కించే సీడీ పెట్టి స్విచ్ వేశాడు. నీలం తెర అడుగున ఒక వరుస వచ్చింది: వేరే డ్రైవర్ ఉంటే ఎఫ్-సిక్స్ నొక్కమని. నొక్కాడు.

ఏమీ కాలేదు. ఆ వరుస కూడా మాయమైంది.

"ఏంట్రా నాటకాలు? నొక్కావు, ఏమైంది?" పిస్టల్ తమ్ముడి కణతకు ఆనింది. "మళ్లీ ఆఫ్ చెయ్!"

తమ్ముడు నోరు తెరిచేలోగా వదిన అంది: "ఆగండి! ఇప్పుడేమీ కనిపించదు. కాసేపాగితే అదే ఫ్లాపీ అడుగుతుంది. ఈ కార్డుకి అంతే."

ఆగారు. అడిగింది.

తమ్ముడికి లాగ్‌బుక్ మాట గుర్తొచ్చింది. ఈ కార్డుకి అంతే అని ఆమెకు చూపించగలిగినవాడు ఒక్కడే. చూపించగలిగింది ఆ ఒక్క మధ్యాహ్నమే, ఊళ్లో లేనని ఆమె చెప్పిన రోజే. అన్న ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఓపిగ్గా, క్లాసులో చెప్పినట్టు చెప్పి ఉంటాడు.

అతను వంగాడు. డ్రైవ్‌లోకి వెళ్లింది చీఫ్ ఇచ్చిన ఫ్లాపీ, చొక్కా చేతిలోకి వెళ్లింది అన్న ఫ్లాపీ. గరగరమని శబ్దం. రెండు నిమిషాలకు డిస్క్ దొరికింది.

"పేర్లు చూపించు," అన్నాడు బాస్.

నల్ల తెర మీద కమాండ్ కొట్టాడు. ఫైళ్లు సున్నా.

"ఏవిరా?"

"మీరిచ్చిన ఫ్లాపీయే కదా సార్ పెట్టాను. మీకెవరిచ్చారో వాళ్లనే అడగండి."

పిస్టల్ మెల్లగా ఎర్రకోటువైపు తిరిగింది.

"వీడు మెకానిక్ కాదు!" అరిచింది వదిన. "డిపార్ట్‌మెంట్ వాడు. చచ్చినవాడి తమ్ముడు!"

"ఓహో. ఆ సంగతి నీకెప్పుడు తెలిసింది?"

ఆమె వెనక్కి జరిగి కిటికీకి ఆనుకుంది. తమ్ముడివైపు చూసింది. "మరిదీ... చెప్పు."

స్క్రూడ్రైవర్ పిడి అతని గుప్పిట్లోనే ఉంది. ఎప్పుడో తిప్పవచ్చు. తిప్పలేదు. వెనకనుంచి వచ్చే బుల్లెట్ ఎలా ఉంటుందో తెలియని అన్న గుర్తొచ్చాడు. ఈమెకు ఎదురుగా వస్తోంది. కళ్లనిండా చూడనీ అనుకున్నాడు. బాస్ వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంది.

కానీ చచ్చినవాళ్లు సంజాయిషీ ఇవ్వరు.

పిడి తిప్పి, బరువైన మానిటర్‌ని బల్ల మీదనుంచి తోశాడు. అది బాస్ కాళ్ల మీద పడింది. గుండు సీలింగ్‌కి తగిలింది. మెట్ల మీద బూట్లు పరుగెత్తాయి.

వారం తర్వాత చీఫ్ ఫైల్ తెరిచాడు. "నలభైమందీ క్షేమం. కానీ మీ వదిన పట్టుబడ్డప్పటినుంచీ నోరు విప్పడం లేదు. ఎంత అడిగినా ఏమీ లేదు."

తమ్ముడు అన్న ఫ్లాపీని జేబులో పెట్టుకుని లేచాడు.

"ఇప్పుడేమీ కనిపించదు సార్. కాసేపాగాలి. ఆవిడే చెప్పింది."