రంగనాయకి ఇంటి కుండలు

పీలమేడులో రంగనాయకి ఇంటి పక్కకు దీపాలు పెట్టినాక ఎవురూ పోయేవాళ్ళు కాదు. ఆమె చచ్చి ఎన్నేండ్లయినా, వంటింట్లో ఒకదానిమీద ఒకటి పేర్చిన ఆమె కుండలు అట్లనే ఉండేవి. వాటిముందు నిలబడి అబద్ధం చెప్తే... లొటలొటమని కదుల్తాయంట!

మా అవ్వ చెప్పిన కథ ఇది, కుంపిణీ దొరల కాలంలోది. నేను దెయ్యాల్ని నమ్మను. మనుషుల్ని అసలే నమ్మను.

ఆ ఊరి కలిగినింటి లక్ష్మమ్మాళ్ ముక్కుపుడక పోయింది. వాళ్ళింట్లో పత్తిగింజలు తీసే వీరాయి మీద పడింది అనుమానం. పాపం, దిక్కులేని మనిషి. దొంగని తేలితే ఊరు విడిచి పోవాల్సిందే.

"నేను తీయలేదు, అమ్మణ్ణీ."

"ఆ మాట రంగనాయకి కుండలకాడ చెప్పు పో!" అనింది లక్ష్మమ్మాళ్.

ఊరి ఆచారం అది. పొద్దుగూకినాక వీరాయిని ఆ వంటింట్లోకి తోసి, బయట గడియ పెట్టినారు. వాకిట్లో జనం చెవులొగ్గి నిలబడినారు.

"నేను తీయలేదు..." లోపలినుంచి సన్నగా వినబడింది.

అంతే — కాళ్ళకింద భూమి గడగడలాడింది! పెంకులు జారినాయి, పక్క బావిలో నీళ్ళు దబదబ కొట్టుకున్నాయి, ఇంటింటా కుండలు పగిలే చప్పుడు. అంతలోనే... నిలిచిపోయింది.

ఊరి పెద్ద దురైసామి చుట్టూ చూసినాడు. "భూమి అదిరిందప్పా. గోడలు నిలిచినాయి కాబట్టి ఓమాదిరి అదురే. అయినా పేర్చిన కుండ ఒకటీ మిగిలుండదు."

గడియ తీసినారు. వీరాయి గోడకానుకొని ఉంది. పక్కన కుండలు — ఒక్కటీ పడలేదు!

"ఈ ఇల్లు బండమీద ఉంది, మనవి రేగడిమీద. బండ తక్కువ ఊగుతుంది," అని దురైసామి గొణిగినాడు. ఎవురు వింటారు? ఇందాక దొంగా అన్నవాళ్ళే వీరాయి కాళ్ళమీద పడినారు.

మా అవ్వ మాత్రం దేన్నీ నమ్మలేదు, నాకు ఆమె బుద్ధే వచ్చింది. మర్నాడు పక్కన కూర్చుని పత్తిగింజలు తీస్తా వీరాయిని నిలదీసింది. "నిజం చెప్పవే. కుండలు కదల్లేదా?"

వీరాయి అటూ ఇటూ చూసి గుసగుసలాడింది. "కదలకేమక్కా! పడబోయినాయి. నేను తీయని మాట నిజమే. అయినా చచ్చినదాన్ని నమ్ముకొని ఊరికే నిలబడతానా? రెండు చేతులా కావిలించుకొన్నా."

అవ్వ పగలబడి నవ్వింది. "ఓసి నీ తెలివి తెల్లారా! అయితే దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు!"

వీరాయి నవ్వలేదు.

"నాకు అందినవి కింది కుండలే, అక్కా. పైవాటిని పట్టుకొన్న చేతులు... నావి కావు."